బిగించిన చెయ్యి ఎవలది?

మొన్న ఐతారం పొద్దుగాల కుక్కరు పిడి ఊగుతుందని మా ఇంటామె నా చేతిల స్క్రూడ్రైవర్ పెట్టింది. చూస్తె స్క్రూ నల్లగ తుప్పు పట్టి పిడికి అతుక్కపోయి ఉన్నది. నేను కుక్కరును ఒళ్లె పెట్టుకోని, స్క్రూడ్రైవర్ గట్టిగ ఒత్తి, ముందుగాల కుడి దిక్కు తిప్పిన.

"అటు తిప్పితె ఇంకింత బిగుస్తది," అన్నది మా ఇంటామె. "ఇప్పాల్నంటె ఇటు తిప్పాలె."

"నాకు తెల్వదా?"

"తెలిసినోడు గట్ల తిప్పుతడా?"

స్క్రూ కుడి దిక్కు గోరంత జరిగి టిక్కుమన్నది. అప్పుడు ఎడమ దిక్కు తిప్పిన. మెత్తగ వచ్చేసింది. మా ఇంటామె కుక్కరు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ఇన్నేండ్ల కాపురంల నేను ఏమీ విరగ్గొట్టకుండ బాగుచేసిన సామాను బహుశ అదే మొదటిది.

"చాచా ఇట్లనే తిప్పుతుండె," అన్నది మెల్లగ.

ఔ. ఎల్లారెడ్డిల రెండు నెలల కింద కాలం చేసిన ఒక ముసలి మిస్త్రీ అలవాటు అది. నేను నేర్చుకుంట అనుకోలే, ఆయన నేర్పుత అనలే. ఎప్పుడో నా మణికట్టుకు అంటుకున్నది.

ఆయన పేరు రాస్త లేను. రాస్తె ఆయనకు నచ్చదు. "నా మీద కాగితం తయారు చేసినవా బేటా? స్టాంపు కూడ కొట్టు," అనేటోడు. మేమంత చాచా అన్నం, ఎల్లారెడ్డి అంత చాచా అన్నది, గంతే చాలు.

నా సంగతి కూడ కొంచెం చెప్పాలె, లేకుంటె ఆయన అర్థం కాడు. నాది కామారెడ్డిల కోర్టు ముంగట జిరాక్స్ దుకాణం. వచ్చేటోళ్లందరు "అన్నా జల్ది, పేషీ టైమైంది" అనుకుంటనే వస్తరు. ఆ జల్ది వినీ వినీ నేను కూడ జల్ది మనిషినైన. సీసా మూత రాకుంటె పండ్లతోని పీకుత. గడియ పడకుంటె తలుపును కాలుతోని తంత. అసుంటోని చేతికి మా బాపు మిలిటరీ లారీ వచ్చింది.

బాపు వయసుల ఉన్నప్పుడు మిలిటరీవాళ్లు పాత బండ్లు వేలం వేస్తున్నరని విని పోయి కొన్న లారీ అది. పొడుగు ముక్కు, మందం రేకు, నా ఛాతి దాక వచ్చే చక్రాలు. పోచారం చెరువు కింద వడ్లు కోసే కాలంల నాగిరెడ్డిపేట నుంచి వడ్ల బస్తాలు, మిగిలిన కాలమంత చెరుకు, మొరం, ఇటుక, ఏది దొరికితె అది మోసింది. రంగు మూడు సార్లు మార్చిండు గని, ఎక్కడన్న గీక్కపోతె కిందికెళ్లి ఆ మిలిటరీ ఆకుపచ్చ బయటికి చూస్తనే ఉండేది. కొత్త బండ్లు వచ్చి దానికి కిరాయిలు బందైనంక కూడ బాపు దాన్ని అమ్మలే. ఇంటి పక్క ఖాళీ ప్లాటుల పెట్టి పొద్దుగాల లేవంగనే ఒకసారి స్టార్ట్ చేసి వినేటోడు. కొందరు రేడియో వింటరు, మా బాపు ఇంజను విన్నడు.

తర్వాత బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట పోయింది. నోట్లకెళ్లి వచ్చేది ఒక్కటే సప్పుడు, "ఆఁ". ఆకలైనా ఆఁ, కోపమొచ్చినా ఆఁ. డాక్టరు మాట పోయిందని మాత్రమే చెప్పిండు. మతి కూడ పోయిందని మాకు మేమే అనుకున్నం. ఒకసారి అంగీ తిర్లమర్ల తొడుక్కున్నడు, ఇంకోసారి చాయ్‌ల అన్నం కలిపిండు, గవే సాక్ష్యాలు. కోర్టు ముంగట కూసునేటోన్ని, గంత తక్కువ సాక్ష్యంతోని ఎవ్వలకన్న శిక్ష పడంగ నేనైతె చూడలే. బాపుకు మాత్రం నేనే వేసిన.

లారీ ప్లాటులనే ఉన్నది. ఎడమ పక్క చక్రాల గాలి పోయింది, టైర్లు కుళ్లినయి, లోపల బ్రేకులు పట్టుకపోయినయి. చక్రాలు ఇప్పితె గని బండి కదలదు. చక్రాల నట్లు చూస్తె తుప్పు ముద్దలు. ఇంతల ప్లాటు ఓనరు వచ్చి, "ఉగాదికి ముగ్గు పోసి పునాది తవ్వుతున్న, ఆ లోపల బండి తియ్యుండ్రి," అని చెప్పి పోయిండు. తియ్యకుంటె ఏమైతదో అందరికి తెలుసు. పాత ఇనుము కొనే కబాడీ ఆయన గ్యాస్ కట్టర్ తెచ్చి లారీని ఉన్నకాడ్నే ముక్కలు కోసి ఎత్తుకపోతడు. బాపు మంచం మీద కూసోని చూడాలె.

అంతకు ముందు ఏడాదిల నేను నాలుగుసార్లు ప్రయత్నం చేసిన. పంక్చరాయనను పిలిచి, నట్లు ఇప్పే పానకు మనిషెత్తు ఇనుప పైపు తొడిగి, ఇద్దరం దాని మీద ఎక్కి దునికినం. కుడి దిక్కు తిప్పితె బిగుస్తది, ఎడమ దిక్కు తిప్పితె ఊడుతది, సీసా మూత నుంచి పంపు నల్లా దాక అన్నిటికీ అదే లెక్క. మేం ఎడమ దిక్కే దునికినం. పైపు వంగింది, నట్టు కదల్లే. మేం దునికినప్పుడల్ల బాపు మంచం మీదికెళ్లి ఆఁ ఆఁ అని ఒర్రుకుంట, ఎడమ చెయ్యి గాలిల కుడి దిక్కుకు గిరగిర తిప్పేటోడు.

"మీ బాపు బిగించుమంటుండే అన్నా," అని పంక్చరాయన నవ్విండు.

నాకు తల కొట్టేసినట్టయింది. నాలుగోసారి బాపు మరీ ఒర్రుతుంటె మంచంతోని సహా ఎత్తి లోపల పెట్టి, తలుపు దగ్గరికేసిన. ఆ తలుపు ఎన్కకెళ్లి కూడ ఆఁ ఆఁ వినిపిచ్చింది. దాని గురించి నేను ఇప్పటికీ మా ఇంటామెతోని మాట్లాడ.

చాచా సంగతి చెప్పింది కబాడీ ఆయననే. బండిని చూడనీకి వచ్చి, వంగిన పైపును చూసి, "ఎల్లారెడ్డిల ఒక ముసలాయన ఉన్నడు. మా బేరాలు పాడుచేసేటోడు ఆయనొక్కడే," అన్నడు. ఆ తిట్టు పట్టుకోనే నేను ఎల్లారెడ్డి బస్సెక్కిన.

బస్టాండు ఎన్క రేకుల షెడ్డు. ముంగటి సగంల ఆయన బిడ్డ బట్టలు కుట్టేది, ఎన్కటి సగం ఆయనది. నేను పోయేసరికి బిడ్డ కుట్టుమిషన్ను ముంగట పెట్టుకోని, పీట మీద కూసోని, స్క్రూడ్రైవర్ ఒక కొస స్క్రూ మీద, ఇంకో కొస చెవుల పెట్టుకోని వింటున్నడు. సన్నటి మనిషి. తెల్ల గడ్డం, అంగీకి గ్రీజు మరక ఒక్కటి లేదు. మిస్త్రీ అంగీ గంత సాఫ్‌గ ఉండుడు చూసి ఈయనకు పని వస్తదా అని నాకు అనుమానమైంది.

నా కథంత గడగడ చెప్పిన. తల ఎత్తలే. స్క్రూ దిక్కే చూసుకుంట అడిగిండు, "దీన్ని బిగించిన చెయ్యి ఎవలది?"

నన్నో, గోడనో అర్థం కాలే. బిడ్డ కత్తెర ఆపి, తండ్రితోని, "నాదే అబ్బా," అన్నది.

"కోపంల బిగించినవా?"

"కోపం కాదు. మాటిమాటికి కరెంటు పోతుండె, చికాకుల బిగించిన."

"గట్ల చెప్పు," అని చేతిలున్న స్క్రూడ్రైవర్ పక్కకు పెట్టి ఇంకొకటి తీసుకున్నడు. పట్టు ఇడువనీకి ముందు కుడి దిక్కు గోరంత, తర్వాత ఎడమ దిక్కు. వచ్చేసింది.

కోపంల బిగించింది నెత్తి దగ్గర పట్టుకుంటదట. భయంతోని బిగించింది అడుగుల పట్టుకుంటదట. తాగి బిగించింది వంకరగ కూసుంటదట. నిజమా, నన్ను ఆటపట్టిచ్చిండా, నాకు ఇప్పటికీ తెల్వదు. గని ఏ స్క్రూ ముట్టినా ముందు ఆయన ఆ ప్రశ్న అడుగుడు మాత్రం మానలే. అడిగినంక జవాబు వచ్చేదాక చెయ్యి పెట్టలే.

రెండో రోజు మొదటి బస్సుకు కామారెడ్డి వచ్చిండు. భుజానికి ఒక సంచి. అండ్ల రెండు సుత్తెలు, కొన్ని పానలు, పాత పండ్ల బ్రష్షు, గోనెసంచులు కుట్టే సూది, మోంబత్తి ముక్క, ఒక సీసాల గ్యాసు నూనెల ఇంకేందో కలిపిన మందు, గుడ్డల కట్టిన జొన్నరొట్టె. వచ్చి, చేతులు ఎన్కకు కట్టుకోని లారీ చుట్టు తిరిగిండు. ఒకసారి కాదు, మూడుసార్లు. ముట్టలే. నేను దుకాణం బంద్ పెట్టి నిలబడ్డ.

"చాచా, షురూ చేద్దామా?"

"షురూ అయింది," అన్నడు.

చక్రాలు ఆఖరికి అని, బండి నడిచేటట్టు ముందుగాల తలుపులు, బానెట్టు అన్నీ ఇప్పి సాఫ్ చేసుడు పెట్టిండు. ఆయన పని చూసుడంటె నాకు పరీక్షనే. సూదితోని స్క్రూ నెత్తిమీది గీతలున్న మట్టి తీసేటోడు. బ్రష్షుతోని తోమేటోడు. సీసాలకెళ్లి రెండు చుక్కలు పోసి, చిన్న సుత్తెతోని టక్ టక్ అని మెత్తగ కొట్టి, సంచి మూసి, "ఇగ చాయ్," అనేటోడు.

"గప్పుడేనా? ఇంక ఒక్క స్క్రూ కూడ రాలే చాచా."

"నూనె తాగుతుంది. దాని చాయ్ అది తాగనీ, మనది మనం తాగుదాం."

మా ఇంటామెకు ఆయన నచ్చుడు అక్కడ్నే మొదలైంది. నాకు నచ్చనీకి ఇంకా టైం పట్టింది. ఒకనాడు ఓపిక లేక, ఆయన నమాజుకు పోయినప్పుడు, తలుపు స్క్రూ ఒకటి నేనే తిప్పిన. నెత్తి చెక్కుకపోయి గుండయింది. ఆయన వచ్చి చూసిండు. తిట్టలే. ఆకురాయితోని దాని నెత్తిల కొత్త గీత కోసుకుంట పొద్దంత కూసున్నడు. పొద్దుమూకినంక సంచి సదురుకుంట, "నీకు తొందరుంటె గ్యాస్ కట్టరాయనను పిలుసుకో బేటా. నాకేం కోపం లేదు. గని ఇద్దరం ఒక్క బండి మీద పని చెయ్యలేం," అని బస్టాండుకు నడిచిండు. ఆ రాత్రి నాకు అన్నం సైసలే. పొద్దుగాల మొదటి బస్సుకు వస్తడో రాడో అని బస్టాండ్‌ల పోయి నిలబడ్డ. వచ్చిండు. నన్ను చూసి, "దుకాణం తెరువలేదా?" అని మాత్రం అడిగిండు.

ఇప్పిన స్క్రూలను డబ్బాల పడేసుడు ఆయనకు పడదు. నా దుకాణంల జిరాక్స్ కాగితాలు వచ్చిన అట్టపెట్టెలు అడిగిండు. అట్ట మీద పెన్సిలుతోని లారీ తలుపు బొమ్మ గీసి, స్క్రూ ఉన్నకాడల్ల బొక్క పొడిచి, ఏ బొక్కల స్క్రూ ఆ బొక్కల గుచ్చిండు. తలుపుకు ఒక అట్ట, బానెట్టుకు ఒక అట్ట, డ్యాష్‌బోర్డుకు ఒకటి. మా అర్ర గోడకు వరుసగ ఆనిచ్చి పెట్టినం. కొత్త స్క్రూలు తెస్త అంటె, "పాతయి ఏం తప్పు చేసినయి?" అన్నడు.

ప్రతి స్క్రూకు అదే ప్రశ్న. బిగించిన చెయ్యి ఎవలది? నా జవాబు ఎప్పుడూ ఒక్కటే, బాపుది. ఇంకో మిస్త్రీని బాపు ఆ బండి మీద చెయ్యి వెయ్యనియ్యలే. అట్ల అడుక్కుంట అడుక్కుంట చాచా లోపలి అర్రలున్న మనిషిని ఎరుక చేసుకున్నడు. "మీ బాపు ఓపిక మనిషి. కనపడని బోల్టుకు కూడ గ్రీజు రాసిండు." ఇంకోనాడు, "ఇక్కడ వాషరు దొరకక చిన్న రేకు కోసి పెట్టిండు చూడు. ఎంత గుండ్రంగ కోసిండో." పోంగ పోంగ లోపలికి ఒక సలాం పెట్టేటోడు. బాపు ఎడమ చెయ్యి లేచేది.

ఒకనాడు సైడు అద్దం పట్టీ ఇప్పుకుంట ఆగిపోయిండు.

"బండంత ఓపికతోని బిగించిండు. ఈ ఒక్క బోల్టు కోపంల బిగించిండు. ఏమైంది ఆనాడు?"

పదో తరగతిల ఉన్నప్పుడు బాపుకు చెప్పకుండ బండి తీసి, గోడకు గీకి, ఆ అద్దం నేనే పలగ్గొట్టిన. బాపు ఒక్క మాట అనలే. కొత్త అద్దం తెచ్చి బిగించిండు. ఈ సంగతి బాపుకు, నాకు తప్ప ఇంట్ల ఎవ్వలకూ తెల్వదు.

"ఎక్కడ నేర్చినవు చాచా ఇదంత?" అని అడిగిన. కొందరు ఆయన సౌదీల పనిచేసిండన్నరు, కొందరు మిలిటరీ వర్క్‌షాపుల అన్నరు, మద్నూర్ దిక్కు ఒక మరాఠీ మిస్త్రీ దగ్గర పెరిగిండని కూడ విన్న.

"విరగ్గొట్టి నేర్చిన," అన్నడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలే. ఎన్నిసార్లు, ఎవ్వలవి, ఏమేం విరగ్గొట్టిండో తెలుసుకోవాల్నని నాకు ఇప్పటికీ ఉన్నది.

ఉగాది వారం రోజులున్నదనంగ ఎడమ పక్క చక్రాల కాడికి వచ్చినం. ఆయన కింద కూసోని బ్రష్షుతోని చాన్సేపు తోమిండు. వంగిన నా పైపును చేతులకు తీసుకోని అటు ఇటు చూసిండు.

"ఎటు దిక్కు తిప్పిండ్రు?"

"ఎడమ దిక్కు. ఇంకెటు తిప్పుతరు?"

ఆయన పైపు కింద పెట్టిండు. "ఈ మిలిటరీ బండ్లల్ల కొన్నిటికి ఎడమ పక్క చక్రాలకు ఉల్టా మర ఉంటది, బోల్టు మీది గాడులు ఎదురు తిరిగి ఉంటయి. నడుస్తుంటె నట్లు వదులు కాకుండ గట్ల చేసిండ్రు. అవి కుడి దిక్కు తిప్పితె ఊడుతయి, ఎడమ దిక్కు తిప్పితె బిగుస్తయి. అన్నిటికీ ఉండదు. కొన్నిటికి తర్వాత మార్చిండ్రు. నట్టు మీద గుర్తుండాలె, తుప్పు తిన్నది. బోల్టు కొస కనపడితె మర చూసి చెప్తుంటి, అది కూడ మొద్దయింది."

"ఇప్పుడెట్ల?"

"ఇగ ఒక్క దెబ్బ తప్పు దిక్కు పడితె బోల్టు మెడ ఇరుగుతది. అప్పుడు కబాడీ ఆయనదే బండి." చేతులు తుడుచుకున్నడు. "బిగించిన చెయ్యి ఎవలది?"

"బాపుదే."

"అయితె అడుగుదాం పా."

"బాపుకు మాట రాదు చాచా. మతి కూడ సరిగ లేదు."

ఆయన నా దిక్కు చూసిన చూపు నేను మర్వలే. కోపం కాదు. గుండయిన స్క్రూ నెత్తిని చూసినప్పటి చూపు.

"మాట రాకుంటె ఏమాయె? నేను మాటను అడుగుతలేను, చెయ్యిని అడుగుత."

లోపలికి పోయి బాపు మంచం పక్కన కింద కూసున్నడు. కుడి చెయ్యి పిడికిలి బిగించి బాపు ముంగట పెట్టిండు. "అన్నా, ఇది నీ లారీ ఎడమ పక్క చక్రం నట్టు. ఇప్పు."

బాపు ఆయన మొఖం దిక్కు చూసిండు. ఎడమ చెయ్యి మెల్లగ ముంగటికి వచ్చింది. చాచా పిడికిలిని పట్టుకున్నది. కుడి దిక్కు తిప్పింది.

"సరే. ఇప్పుడు ఇది కుడి పక్క చక్రం నట్టు. ఇప్పు."

బాపు అదే పిడికిలిని పట్టుకోని ఈసారి ఎడమ దిక్కు తిప్పిండు.

నేను దర్వాజ పట్టుకోని నిలబడ్డ. మతిలేని మనిషి రెండు చక్రాలను రెండు తీర్ల ఇప్పడు. ఏడాది పొడుగున మేం ఆ నట్లను ఇప్పలే, బిగించినం. నాలుగుసార్లు బిగించినం. ఒద్దురా, అటు కాదురా, ఇటు తిప్పుండ్రి అని బాపు గొంతు చించుకోని చెప్తుంటె, మంచంతోని ఎత్తి లోపలేసి తలుపు దగ్గరికేసిన.

అయినా నా జల్ది బుద్ధి నన్ను ఇడువలే. బయటికి వచ్చినంక, "ఒకవేళ బాపు తప్పు చెప్తె?" అన్న.

"ఇన్ని దినాల సంది ఇంత బండి ఇప్పిన. మీ బాపు చెయ్యి నాకు ఒక్కసారి కూడ అబద్ధం చెప్పలే. మంచం బయటికి తే," అన్నడు.

మంచం బయటికి తెచ్చిన. ఈసారి లారీకి దగ్గర్నే వేసిన. చాచా నట్టును మంటతోని కాల్చి, మోంబత్తి ముక్క ఆనిచ్చిండు. మైనం కరిగి లోపలికి గుంజుకున్నది. చాయ్ తాగినం. మళ్ల కాల్చిండు. మళ్ల చాయ్. తర్వాత పాన తొడిగిండు.

"ముందుగాల బిగించే దిక్కు తిప్పాలె గద?" అని గుర్తుచేసిన. ఆయన పద్ధతి నాకు వచ్చిందని చూపెట్టుకుందామని.

ఆయన వంగిన పైపు దిక్కు చూసి మొదటిసారి నవ్విండు. "ఆ పని మీరు ఏడాది సంది చేస్తనే ఉన్నరు గద బేటా. మిగిలింది నేను చేస్త."

కుడి దిక్కు తిప్పిండు. లారీ అంత కుయ్యిమన్నది. నట్టు కదిలింది.

బాపు "ఆఁ" అన్నడు. నేను పోయి మంచం పట్టె కాడ కూసున్న. ఏడుపు ఆగలే, ఆపుకోవాల్నని కూడ అనిపియ్యలే. "తప్పయింది బాపు," అన్న. బాపు ఎడమ చెయ్యి నా నెత్తి మీద పెట్టిండు. దీవిస్తడనుకున్న. గట్టిగ ఒక మొట్టికాయ ఇచ్చిండు. చాచా లారీ కిందికెళ్లి నవ్వుడు వినిపిచ్చింది.

అట్టల మీది స్క్రూలన్నీ మళ్ల ఎక్కి, వేరే టైర్లు పడ్డంక, ఉగాదికి రెండు రోజుల ముందు లారీ తన ఇంజను మీదనే ప్లాటుల నుంచి బయటికి వచ్చింది. దాన్ని నడుపుడు కూడ నాకు బాపే నేర్పిండు. పక్క సీట్ల కూసోని ఎడమ చెయ్యితోని చూపిస్తె నేను గేరేసిన. తర్వాత కూడ చాచా ఏదో ఒక బోల్టు సాకు పెట్టుకోని వస్తుండె. ఇద్దరూ పిడికిళ్లు పట్టుకోని అటు ఇటు తిప్పుకుంట కొట్లాడుకునేటోళ్లు. మా ఇంటామె కూడ ఆ పద్ధతి పట్టుకున్నది. రెండు పిడికిళ్లు ముంగట పెట్టి, "ఇది అన్నం, ఇది రొట్టె, ఏది కావాలె మామా?" అంటె బాపు ఒకదాన్ని పట్టుకునేటోడు. ఒకనాడు రెండూ పట్టుకున్నడు. చాయ్‌ల అన్నం కలిపిన సంగతి ఏందో కూడ గట్లనే తెలిసింది. ఆ దినం కూర మాడిందట, అందుకే కలుపుకున్నడట. మాకే తెల్వదు గని, బాపుకు అన్నీ తెలుసు.

చాచా పోయిన సంగతి మాకు నాలుగు రోజులు ఆలస్యంగ తెలిసింది. మట్టికి పోలేకపోయినం. బాపుకు చెప్పిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆ పూట ఏ పిడికిలీ పట్టుకోలే.

నెల దాటినంక చాచా బిడ్డ ఫోన్ చేసింది. షెడ్డు ఓనరు జాగ ఖాళీ చెయ్యమంటుండట. సామానంత తీసింది గని, ఇనుము పట్టి బిగించే చాచా వైసు బల్లకు పాతుకపోయింది. అది తండ్రి గుర్తుగ ఉంచుకుందామని ఆమెకు.

"ఎవ్వల బోల్టు రాకున్నా మా అబ్బ దగ్గరికి వచ్చిండ్రన్నా," అన్నది. "ఇప్పుడు మా అబ్బ వైసు ఇప్పేటోడు దొరుకుతలేడు. గ్యాస్ కట్టరుతోని, బల్లకు బిగించిన దాని చెవులు కోసేస్తమంటుండ్రు."

లారీ తీసిన. బాపును పక్క సీట్ల కూసోపెట్టిన. లింగంపేట మీదికెళ్లి ఎల్లారెడ్డి చేరేసరికి ఎండ ఎక్కింది.

షెడ్డుల కట్టరాయన సిలిండర్ పెట్టుకోని తయారుగ ఉన్నడు. చివరిసారి చూద్దామని బల్ల కింద పండుకోని పానకు పైపు తొడిగి గుంజుతున్నడు. రేకుల మీదికెళ్లి వాన కారి బోల్టు, దాని నట్టు ఎర్రగ తుప్పు పట్టినయి. బాపును కుర్చీల కూసోపెట్టి ఊపిరి తీసుకున్ననో లేదో, "ఆఁ! ఆఁ!" అని ఒర్రుడు మొదలువెట్టిండు. ఎడమ చెయ్యి గాలిల కుడి దిక్కు కొంచెం తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ల తిరుగుతుంది.

కట్టరాయన తల బయటికి పెట్టి, "తాతకేమైంది? బయట కూసోపెట్టుండ్రి, నిప్పురవ్వలు పడ్తయి," అన్నడు.

"ఆగు," అన్న. "పాన తియ్యి. మా బాపు ఏందో చెప్తుండు."

నా గొంతు నాకే కొత్తగ వినిపిచ్చింది. పిడికిలి బిగించి బాపు ముంగట పెట్టిన. బాపు పట్టుకోని ముందు కుడి దిక్కు గోరంత తిప్పిండు, తర్వాత ఎడమ దిక్కు. చాచా సంచిల సీసా ఇంకా ఉన్నది. బిడ్డ తెచ్చి ఇచ్చింది. చుక్కలు పోసినం. ఎవ్వలూ చెప్పకుండనే ఆమె పోయి చాయ్ పెట్టింది. కట్టరాయన కూడ తాగిండు.

బల్ల కింద పండుకోని, పాన తొడిగి, అలవాటుగ నోట్లకెళ్లి వచ్చేసింది, "దీన్ని బిగించిన చెయ్యి ఎవలది?"

మీద కప్పులు సదురుతున్న సప్పుడు ఆగింది.

"ఇంకెవలది అన్నా," అన్నది బిడ్డ. "అబ్బదే."

కుడి దిక్కు గోరంత తిప్పిన. టిక్కుమన్నది. ఎడమ దిక్కు తిప్పిన. ఒక్క చుట్టు గట్టిగ వచ్చింది, తర్వాత పాన అక్కరనే లేకపోయింది, వేళ్లతోని తిరిగింది. తుప్పంత పైపైననే ఉన్నది. లోపల మర గాడుల నిండ గ్రీజు, ఇంకా పచ్చిగనే ఉన్నది. ఎన్నడో ఒకనాడు ఇంకెవలో వచ్చి దీన్ని ఇప్పుతరని, ఎప్పుడో రాసి బిగించిండు.

నట్టు తెచ్చి ఆమె చేతిల పెట్టిన. గ్రీజు వేళ్లకు అంటితె చున్నీకి తుడుచుకోలే, అట్లనే పట్టుకోని నిలబడ్డది. తర్వాత ఆమెనే దాన్ని బాపు చేతిల పెట్టింది. బాపు బొటనవేలితోని మరలు తడిమిండు, గ్రీజు వాసన చూసిండు, పిడికిలి మూసుకున్నడు.

"ఆఁ," అన్నడు.

"ఔ బాపు," అన్న.